ఎనభై గజాల గురి

పదమూడు సీజన్లలో అరోరా ఆక్సెన్ బేస్‌బాల్ జట్టు సొంత మైదానంలో ఆరువందల పద్దెనిమిది ఆటలు ఆడింది. నేను చూడనివి ఆరే ఆరు. మూడు నా కంటి శుక్లాల ఆపరేషన్ అప్పుడు, రెండు మా అమ్మాయి పెళ్ళప్పుడు, ఒకటి మైదానం వాళ్ళే నన్ను గేటు బయట నిలబెట్టినప్పుడు. చూసిన ఆటల్లో నాకు ఒక పన్ను పోయింది, ఎడమచేతి ఉంగరపు వేలు వంకరపోయింది, రెండు జతల కళ్ళద్దాలు పగిలాయి. పన్ను పోయింది బ్యాటుకు తగిలి జనంలోకి దూసుకొచ్చిన బంతి వల్ల. బంతిని మాత్రం వదల్లేదు. నోట్లోంచి రక్తం కారుతుండగా దాన్ని ఎత్తి చూపిస్తే నాలుగు వేలమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా ఊళ్ళో ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన వాళ్ళలో అన్ని చప్పట్లు కొట్టించుకున్నవాడు ఇంకొకడు ఉంటే చెప్పండి.

నా పేరు హనుమయ్య. వయసు డెబ్బై రెండు. నరసరావుపేటకు పన్నెండు మైళ్ళ దూరంలో పుట్టాను. నర్సుగా వచ్చిన నా చెల్లెలు కాగితాలు పెడితే తొంభై రెండులో భార్యాబిడ్డలతో ఇల్లినాయ్ వచ్చి పడ్డాను. ఇక్కడి మనవాళ్ళలో చాలామంది కంప్యూటర్ ముందు కూర్చుని సంపాదించారు. నేను పంది తుంట్లు కోసే ఫ్యాక్టరీలో ఇరవై నాలుగేళ్ళు నిలబడి సంపాదించాను. షిఫ్టుకు నాలుగువందల తుంట్లకు ఎముక తీసేవాణ్ణి. రెండేళ్ళు వరసగా గోడమీద బోర్డులో నా పేరే పైన ఉంది. నా భార్య దమయంతి మాత్రం ఆ బోర్డు సంగతి ఎప్పుడూ అడగలేదు. ఇరవై నాలుగేళ్ళూ గ్యారేజీలోనే బట్టలు విప్పించి, బేస్‌మెంట్‌లో స్నానం చేయించి, అప్పుడు వంటింట్లోకి రానిచ్చింది.

ఆ ఫ్యాక్టరీ వాళ్ళే ఒక వేసవిలో ఉచితంగా టికెట్లు ఇచ్చారు. ఆక్సెన్ అంటే ఎద్దులు. టోపీ మీద కొమ్ములు తిరిగిన ఎద్దు బొమ్మ చూసి, మన ఒంగోలు గిత్తలా ఉందే అనుకుని వెళ్ళాను. ఇది పెద్ద పెద్ద నగరాల జట్ల లీగు కాదు. చిన్న ఊళ్ళ లీగు. ఆడేవాళ్ళు బస్సుల్లో తిరిగి, చవక మోటెళ్ళలో పడుకుని ఆడతారు. అందుకే కసిగా ఆడతారు.

క్రికెట్ చూసినవాళ్ళకు ఒక్క మాటలో చెబుతాను. ఇందులో బంతి నేలకు తగలదు. మట్టిదిబ్బ మీద నిలబడ్డవాడు అరవై అడుగుల దూరం నుంచి గంటకు తొంభై మైళ్ళ వేగంతో నేరుగా ఒంటి పక్కనుంచి వేస్తాడు. అవతల బ్యాటు పట్టుకున్నవాడికి ఆలోచించే సమయం ఉండదు. నేను చూసిన మొదటి ఆటలోనే ఒకడి మణికట్టు విరిగింది. టక్కుమన్న ఆ చప్పుడు నాకు ఫ్యాక్టరీలో రోజూ వినబడేదే. పోలీసులు రాలేదు. ఎవరూ కేసు పెట్టలేదు. రెండు ఇన్నింగ్స్ తరవాత మనవాడు వాళ్ళవాడి తొడమీద బంతితో కొట్టాడు. అంపైర్ చూశాడు, మైదానమంతా చూసింది, లెక్క సరిపోయిందని ఆట సాగింది. పక్క సీటతను నాకు వివరించాడు. పుస్తకంలో లేని రూల్ అట. నీవాణ్ణి కొడితే వాళ్ళవాణ్ణి కొట్టాలి. కొట్టినవాడు బ్యాటింగుకు రాడు కాబట్టి, వాళ్ళలో బాగా ఆడేవాణ్ణి కొట్టాలి. తప్పు ఒకడిది, దెబ్బ ఇంకొకడికి.

పలనాటిలో పుట్టినవాడికి ఇది వివరించక్కర్లేదు. మర్నాడే సీజన్ టికెట్ కొన్నాను.

మా జట్టులో నాకు ఇద్దరంటే ప్రాణం. ఒకడు ఎలీసియో. డొమినికన్ దేశంవాడు, ఇరవై మూడేళ్ళు, పొట్టిగా గట్టిగా ఉంటాడు. నేల మీద పాకే బంతిని పిల్లి ఎలకను పట్టినట్టు పట్టేవాడు. రెండోవాడు వేడ్ హోలిస్టర్, బంతి వేసేవాడు. ఓక్లహోమా రైతుబిడ్డ, ఆరడుగుల నాలుగంగుళాలు, ముప్ఫై నాలుగేళ్ళు. మోచెయ్యి రెండుసార్లు కోయించుకున్నాడు. ఇదే తన ఆఖరి సీజన్ అని తనే చెప్పుకున్నాడు.

వేడ్‌తో స్నేహం కుదిరింది వడిసెల వల్ల. మా జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని కొట్టడం ఏడేళ్ళ వయసు నుంచి నా పని. తాడు మధ్య అల్లిన గూట్లో గులకరాయి పెట్టి, తలచుట్టూ తిప్పి, ఒక కొస వదిలేస్తే రాయి ఈల వేసుకుంటూ పోయేది. ఎనభై గజాల దూరంలో కంకి మీద వాలిన చిలకను, కంకి చెదరకుండా కొట్టేవాణ్ణి. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో నా గురి ఎరగనివాడు లేడు. తప్పింది ఒకేసారి. అప్పుడు మా మేనమామ కొడుకు సత్యం ఎడమ కన్ను పోయింది. యాక్సిడెంట్. అదే మాట వేడ్‌కూ చెప్పాను.

నాలుగేళ్ళ కిందట ఆట అయిపోయాక పార్కింగ్ లాట్‌లో కోక్ డబ్బా పెట్టి కొట్టి చూపించాను. అరవై గజాలు. డబ్బా రెండుగా చీలింది. వేడ్ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఎలా చేశావ్ ఇది?"

"డబ్బాను చూడకూడదు. డబ్బా మీద రూపాయి బిళ్ళంత చోటు చూడాలి. చెయ్యి దానంతట అది పోతుంది."

"నాకు పదిహేనేళ్ళు కోచింగ్ ఇచ్చినవాడెవడూ ఈ మాట చెప్పలేదు," అన్నాడు. ఆ రోజు నుంచి నన్ను కోచ్ అనే పిలిచాడు. మర్నాడు వడిసెల సంచిలో దొరికి సెక్యూరిటీవాళ్ళు గేటు దగ్గర ఆపేశారు. నేను చూడని ఆరో ఆట అదే. ఆ ఏడు వేడ్ పద్నాలుగు ఆటలు గెలిచాడు. అందులో నా వాటా ఎంతో నేను చెప్పుకోను, మీరే అనుకోండి.

ఇక ఈ ఏడాది జూలై సంగతి.

రాక్ క్రీక్ ర్యామ్స్ మా శత్రువులు. వాళ్ళ బంతి వేసేవాడు బంతితో ఎలీసియో చెంపమీద కొట్టాడు. హెల్మెట్ అంచు తగలకుండా, కంటికి కింద, నేరుగా ఎముక మీద. ఎలీసియో మోకాళ్ళ మీద కూలబడి, నోట్లోంచి మూడు పళ్ళు అరచేతిలోకి ఉమ్మి, వాటిని లెక్కపెడుతున్నట్టు చూశాడు. తరవాత పక్కకు ఒరిగాడు. తెల్ల గీత మీద రక్తం పడితే మైదానం పనివాళ్ళు సుద్ద చల్లి కప్పారు. దవడ రెండుచోట్ల విరిగింది. తీగలతో కట్టేశారు. మళ్ళీ ఆడతాడో లేదో డాక్టర్లు చెప్పలేదు.

నేను గొంతు చించుకున్నాను. ర్యామ్స్ జట్టు మళ్ళీ మా మైదానానికి వచ్చేది ఇరవై మూడు రోజుల తరవాత. ఆ ఇరవై మూడు రోజులూ ప్రతి ఆటలో, వేడ్ కనబడినప్పుడల్లా రెయిలింగ్ పట్టుకుని అరిచాను. దవడకు దవడ. బంతి తలకు వెయ్యి. వాళ్ళలో బాగా ఆడేవాడు డొనోవన్ అని, ఎర్రగడ్డంవాడు. వాడి పేరు పెట్టే అరిచాను.

శుక్రవారం వేడ్ రెయిలింగ్ దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పినట్టు చెప్పాడు. "ఆదివారం. ఏడో ఇన్నింగ్స్. డొనోవన్ తల."

నేను ఆ మాట ఇంటికి మోసుకెళ్ళి, అన్నం తింటూ దమయంతికి చెప్పాను.

"తలకు తగిలితే చచ్చిపోడా, బావా?" అంది.

"హెల్మెట్ ఉంటుంది."

"ఆ పిల్లాడికీ ఉందిగా?"

నేను మజ్జిగ పోసుకున్నాను. "ఆదివారం నేనూ వస్తా," అంది. పదమూడేళ్ళలో ఆమె వచ్చినవి మూడు ఆటలు. వచ్చినప్పుడల్లా నిద్రపోయింది.

ఆదివారం ఒంటిగంట ఆట. పన్నెండుకే వెళ్ళాం. మైదానం మూల, ఇనప కంచె వెనక, బంతి వేసేవాళ్ళు చెయ్యి కాచుకునే చోటు ఉంటుంది. వేడ్ ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా వలకు తెల్ల టేపు ముక్క అంటించాడు. చిన్న ముక్క, రూపాయి బిళ్ళంత. ఐదు బంతులు వేస్తే నాలుగు ఆ టేపుకే తగిలాయి. నేను మొదట టేపును చూశాను. తరవాత వేడ్ మొహం చూశాను.

ఎడమ కన్ను సగం మూసి ఉంది. దవడ కదలడం లేదు. వలను చూడటం లేదు, దాని మీద ఆ బిళ్ళంత చోటును చూస్తున్నాడు. నేను నేర్పినట్టే. టేపు మనిషి చెంప ఎత్తులో ఉంది.

నాకు మంచె కింద కర్రలు కదిలినట్టయింది.

"వేడ్, ఒక్క నిమిషం."

"వార్మప్‌లో ఉన్నా, కోచ్."

"పక్కటెముకలు చాలు. తల వద్దు."

వేడ్ గట్టిగా నవ్వాడు. "మూడు వారాలు తల తల అని అరిచింది నువ్వేగా? నీ అరుపు రేడియోలో కూడా వచ్చింది. ఓక్లహోమాలో మా ఆవిడ విని, ఎవరా ముసలాయన, రౌడీయా అని అడిగింది."

"అరిచాను. ఇప్పుడు వద్దంటున్నాను."

"ఎలీసియో స్ట్రా పెట్టుకుని సూప్ తాగుతున్నాడు. వెళ్ళి అతనికి చెప్పు," అని ఇంకో బంతి వేశాడు. టేపు.

నేను కంచె పట్టుకున్నాను. ఇంగ్లీషు నాకు ఫ్యాక్టరీ నేర్పిందే. ఆ ఇంగ్లీషులోనే, నోటికి వచ్చినట్టు చెప్పాను.

"మా బావ సత్యం కన్ను యాక్సిడెంట్ కాదు."

వేడ్ చెయ్యి ఆగింది.

"వాళ్ళ నాన్న, అంటే మా మేనమామ, గట్టు దాటి మా చేలో రెండు చాళ్ళు దున్నాడు. అడిగిన మా నాన్నను పదిమందిలో చెంపమీద కొట్టాడు. నేను మంచె మీంచి చూశాను. నాకు పదిహేనేళ్ళు. రెండు రోజుల తరవాత సత్యం గడ్డిమోపు ఎత్తుకుని గట్టు మీద పోతున్నాడు. వాడు ఏ తప్పూ చెయ్యలేదు. నేను వాణ్ణి చూడలేదు. కన్ను చూశాను. అంతే."

"ఎంత దూరం?" అన్నాడు వేడ్.

"ఎనభై గజాలు."

తల ఊపాడు. బంతి వేసేవాడు అడగాల్సిందే అడిగాడు.

"వాడు కూలిపోయి, చేతులతో మొహం మూసుకుని, మోకాళ్ళతో తిరుగుతూనే ఉన్నాడు. చాలా సేపు. వేళ్ళ సందుల్లోంచి కారింది రక్తం ఒక్కటే కాదు. రెండు ఇళ్ళవాళ్ళూ గొడ్డళ్ళు తీశారు. గురి తప్పిందని నేను ఒట్టు వేశాను. పెద్దలు నమ్మారు, గొడ్డళ్ళు దించారు. ఏడేళ్ళ తరవాత అతని చెల్లెల్నే నాకిచ్చి చేశారు. వేడ్, యాభై ఏళ్ళుగా ప్రతి పెళ్ళిలో, ప్రతి చావులో అతను నవ్వుతూ పలకరిస్తాడు. నేను అతని ఎడమపక్క కూర్చుంటాను. ఆ పక్క నేను అతనికి కనబడను."

వేడ్ నోట్లో నములుతున్న పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్మాడు. వెనక్కి తిరిగి ఇంకో బంతి వేశాడు. అదీ టేపుకే తగిలింది.

నేను తిరిగి చూస్తే దమయంతి నా వెనకే ఉంది. మజ్జిగ ఫ్లాస్క్ గుండెలకు ఆనించుకుని నిలబడింది. ఎంతసేపటి నుంచో తెలియదు. ఆమెకు ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. "ఎండగా ఉంది, పద," అంది. అంతే.

ఆరు ఇన్నింగ్స్ నేను ఏం చూశానో చెప్పలేను. మావి ఆరు పరుగులు, వాళ్ళది ఒకటి. ఎలీసియో మా జట్టు కూర్చునే డగౌట్‌లో దవడ చుట్టూ పట్టీతో కూర్చుని ఉన్నాడు. ఏడో ఇన్నింగ్స్‌లో డొనోవన్ వచ్చి నిలబడగానే ఎలీసియో బ్యాటు పిడితో మెట్టు మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఠక్, ఠక్, ఠక్. జనానికి అర్థమైంది. నాలుగు వేలమంది కాళ్ళతో అదే చప్పుడు అందుకున్నారు. డొనోవన్‌కూ అర్థమైంది. గడ్డం మీద చెమట తుడుచుకున్నాడు గాని పక్కకు జరగలేదు. శత్రువైనా మగాడు.

మొదటి బంతి దూరంగా పోయింది.

రెండోదానికి వేడ్ ఎడమ కన్ను సగం మూసుకుంది. నేను లేచాను. అతని భుజం వెనక్కి తిరిగింది. చూపు చెంప మీదే ఉంది. "వేడ్, కిందకి! కిందకి రా!" అని అరిచాను. తెలుగులోనే అరిచాను. ఆ హోరులో ఏ భాషలో అరిచినా ఒకటే.

ఆఖరి క్షణంలో వేడ్ మోచెయ్యి కిందికి దిగింది.

బంతి డొనోవన్ చంక కింద తగిలింది. ఎండుకట్టెలు మోకాలికి పెట్టి విరిచినట్టు ఆ చప్పుడు మా వరసదాకా వచ్చింది. డొనోవన్ మోకాలి మీద పడ్డాడు. గాలి అందక చేప నోరు తెరిచినట్టు తెరిచాడు. ఆ తరవాత లేచాడు. బ్యాటు పారేసి, ఒక చేత్తో పక్క పట్టుకుని, నేరుగా దిబ్బ మీదికి పరిగెత్తాడు.

రెండు డగౌట్లూ ఖాళీ అయ్యాయి. డొనోవన్ తల వేడ్ ముక్కుకు తగిలింది. ఇద్దరూ పడ్డారు, వాళ్ళ మీద ఎనిమిదిమంది, ఆ ఎనిమిదిమంది మీద ఇరవైమంది. ఒకడు హెల్మెట్‌తో ఇంకొకడి వీపు మీద కొడుతున్నాడు. బ్యాటు పట్టినవాడి వెనక బంతి అందుకునే మా క్యాచర్ ఒకణ్ణి జుట్టు పట్టి ఈడ్చాడు. చొక్కాలు చిరిగాయి, దిబ్బ మీది ఎర్రమన్నులో రక్తం ఏదో మన్ను ఏదో తెలియలేదు. కట్టిన దవడతో ఎలీసియో కూడా దూకబోతే ఇద్దరు నడుము పట్టి లాగారు. మా వరసలో ర్యామ్స్ టోపీ పెట్టుకున్న ఒక లావుపాటివాడు నా కాలర్ పట్టుకుని, "తల తల అని అరిచింది నువ్వే కదూ!" అని గుంజాడు. నేను చెయ్యి ఎత్తేలోపు దమయంతి స్టీలు ఫ్లాస్క్‌తో వాడి ముంజేతి మీద ఒక్కటిచ్చింది. వాడు వదిలేశాడు. మజ్జిగ మాత్రం ఒలకలేదు.

ఆ గుంపు అడుగునుంచి వేడ్ అరుపు వినబడింది. ముక్కు విరిగినవాడి అరుపు కాదది. ఎవరివో ఇనప ముళ్ళ బూట్లు అతని కుడిచెయ్యి తొక్కాయి. చూపుడు వేలు, మధ్య వేలు. బంతి పట్టుకునే వేళ్ళు.

నేను పద్దులు వేసుకునే మనిషిని కాను గాని, ఈ ఒక్కటీ పదే పదే వేసుకున్నాను. బంతి తలకు తగిలి ఉంటే డొనోవన్ లేచేవాడు కాదు. లేవకపోతే దిబ్బ మీదికి వచ్చేవాడు కాదు. వేడ్ చెయ్యి వేడ్‌కు మిగిలేది. వద్దన్నది నేను.

వేడ్‌ను నడిపించుకుని మా ముందునుంచే తీసుకెళ్ళారు. మొహమంతా నెత్తురు. తువ్వాలు చుట్టిన చేతిని నావైపు ఎత్తాడు.

"పక్కటెముకలే, కోచ్," అన్నాడు.

పదమూడేళ్ళలో మొదటిసారి ఆట ముగియకముందే లేచాను.

కారు దమయంతి డ్రైవ్ చేసింది. ఫాక్స్ నది వంతెన దాటాక నేనే అన్నాను.

"విన్నావుగా."

"విన్నా."

"యాభై ఏళ్ళు నీకు అబద్ధం చెప్పాను, దమయంతీ."

"నాకెక్కడ చెప్పావ్? ఊరికి చెప్పావ్." ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "పెళ్ళికి ముందురోజు అన్నయ్య నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు, నేను ఆపేస్తా అన్నాడు."

"సత్యానికి తెలుసా?"

"ఎనభై గజాల్లో చిలకను కొడతానని నాలుగు ఊళ్ళు తిరిగి డప్పు కొట్టుకున్నావ్. ఆ ఒక్క రాయీ తప్పిందంటే నమ్మేవాడెవడు, బావా? పెద్దలు నమ్మినట్టు నటించారు, గొడ్డళ్ళు దింపాలిగా. మా నాన్న కూడా నోరు మూసుకున్నాడు. ముందు చెయ్యి చేసుకుంది ఆయనేగా."

"మరి నువ్వు ఎందుకు చేసుకున్నావ్?"

"అన్నయ్య అన్నాడు, వాడు మంచె దిగి అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చాడు, నన్ను భుజం మీద వేసుకుని ఆస్పత్రిదాకా మూడు మైళ్ళు మోశాడు అని. నువ్వు అది మాత్రం ఎక్కడా చెప్పుకోవుగా." సిగ్నల్ దగ్గర బ్రేక్ వేసింది. "ఆరువందల ఆటలు చెబుతావ్, నాలుగువందల తుంట్లు చెబుతావ్. మోసింది చెప్పవు."



మర్నాడు పొద్దున ఎనిమిదింటికి సత్యానికి వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్ళు. ఎడమ కంటి రెప్ప ఎప్పట్లాగే గుంటలోకి అతుక్కుని ఉంది. నేను ఫోన్ దగ్గరగా పెట్టుకుని, ఆ కంటినే చూస్తూ, నిన్నటి ఆటతో మొదలుపెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. గురి పెట్టాను, బావా. తప్పలేదు.

సత్యం గడ్డం గోక్కున్నాడు.

"ఇది చెప్పడానికి నీకు యాభై ఏడేళ్ళు పట్టింది," అన్నాడు. "ఆ రోజు నువ్వు మోసుకెళ్ళకపోతే, నయమయ్యాక నేను నిన్ను చంపేవాణ్ణే. కత్తి నూరి పెట్టుకున్నా కూడా. నిజం."

"చంపాల్సింది."

"ఇప్పుడు చంపితే ఏం వస్తుంది, ముసలాడివి. ఈసారి వచ్చినప్పుడు నా కుడిపక్క కూర్చో. నీ మొహం సరిగ్గా చూసి ఎన్నేళ్ళయిందో."

నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. దమయంతి వెనకనుంచి వచ్చి ఫోన్ పడిపోకుండా పట్టుకుంది. సత్యం ఉన్న ఒక్క కంటినీ ఫోన్‌లోకి దగ్గరగా తెచ్చాడు.

"అది సరే గాని, ఆ ఎర్రగడ్డంవాడికి ఎముకలు ఎన్ని విరిగాయి?"

"మూడు."

"మీవాడు ఎన్ని గజాల నుంచి కొట్టాడు?"

"ఇరవై."

"ఇరవయ్యేనా?" అన్నాడు సత్యం, తుండుతో కంటి గుంట తుడుచుకుంటూ.